పిల్లలకు 'జాగ్రత్త' అని చెబితే సరిపోతుందా..? బడిలో నేర్పాల్సింది అసలేంటి?

2025 ఏప్రిల్.. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్ద. ఆపి ఉన్న కారులోకి ఆడుకుంటూ ఎక్కిన ఇద్దరు చిన్నారులు బయటకు రాలేక ప్రాణాలు కోల్పోయారు. నెల తిరిగేసరికి విజయనగరం జిల్లా ద్వారపూడి. అక్కడా అదే ఘోరం. ఈసారి నలుగురు పిల్లలు. కారు ఎక్కారు, డోర్లు లాకయ్యాయి, తెరుచుకోలేదు. ఊళ్లో అందరూ వెతుకుతూనే ఉన్నారు. పిల్లలు మాత్రం నాలుగు అడుగుల దూరంలోనో, నలభై అడుగుల దూరంలోనో అద్దాల వెనక ఉండిపోయారు.

ఈ రెండు ఘటనల తర్వాత హెచ్చరికలు వచ్చాయి. కార్లు లాక్ చేసుకోండి, తాళాలు పిల్లలకు అందకుండా పెట్టండి, ఆపి ఉన్న బండిని ఒకసారి చూసి వెళ్లండి అని. మంచిదే. కానీ అవన్నీ పెద్దలకు చెప్పిన మాటలు. కారు లోపల ఇరుక్కుపోయే పిల్లలకు ఎవరైనా ఏమైనా చెప్పారా? 'హారన్ నొక్కు. వదలకుండా నొక్కుతూనే ఉండు' అనే ఒక్క మాట మన స్కూళ్లలో ఎంతమంది ఒకటో తరగతి పిల్లలకు తెలుసు?

చాలా కార్లలో ఇంజిన్ ఆఫ్ అయి ఉన్నా హారన్ మోగుతుంది. చైల్డ్ లాక్ ఉండేది వెనక డోర్లకే కాబట్టి ముందు సీట్లోకి వస్తే డోర్ తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఎండలో ఆపిన కారులో 10 నిమిషాల్లోనే వేడి 10 డిగ్రీలకు పైగా పెరిగిపోవచ్చు. పైగా పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒంట్లో వేడి 3 నుంచి 5 రెట్లు వేగంగా పెరుగుతుంది. అంటే అక్కడ ఆలోచించుకునే టైమ్ లేదు. చెయ్యి తనంతట తానే హారన్ మీదకి వెళ్లాలి. అలా వెళ్లాలంటే ఆ పని ముందే ఒకసారి చేసి ఉండాలి.

అసలు సమస్య ఇక్కడే ఉంది. పిల్లల భద్రత అనగానే మనం చెప్పడం దగ్గరే ఆగిపోతున్నాం. చేయించడం దాకా వెళ్లడం లేదు.

బట్టీ కొట్టిన జాగ్రత్తలు పనికొస్తాయా?

ఏ స్కూలుకైనా వెళ్లి అడగండి. 'రోడ్డు ఎలా దాటాలి?' అంటే పిల్లలంతా ఒకే గొంతుతో చెప్పేస్తారు. ఎడమ, కుడి చూసి దాటాలి అని. అదే పిల్లలు సాయంత్రం బెల్ కొట్టగానే ఎదురుగా ఉన్న ఐస్ బండి దగ్గరకి ఎటూ చూడకుండా పరిగెడతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నోటికి వచ్చింది కాలికి రాలేదు. అంతే.

దీని మీద అమెరికాలో గట్టి పరిశోధనే జరిగింది. అక్కడ ఇళ్లలో తుపాకులు ఎక్కువ కదా.. అందుకే పిల్లలకు ఒక పాఠం నేర్పుతారు. తుపాకీ కనిపిస్తే ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు అని. 2004లో 4, 5 ఏళ్ల పిల్లల మీద జరిగిన ఓ అధ్యయనంలో ఈ పాఠం విన్న పిల్లలు సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పారు. తర్వాత పేలకుండా చేసిన తుపాకీని గదిలో పెట్టి, ఎవరూ చూడటం లేదని పిల్లలు అనుకునేలా వదిలేసి గమనించారు. నేర్చుకున్నది చేతల్లో కనిపించలేదు. కూర్చోబెట్టి చెప్పడం ఆపి, పిల్లల చేత ఆ పనిని మళ్లీ మళ్లీ చేయించి, అదే చోట తప్పును సరిదిద్దినప్పుడే మార్పు వచ్చింది.

మన ఇళ్లలో తుపాకులు లేకపోవచ్చు. బాత్రూమ్ బకెట్లో వేలాడే వాటర్ హీటర్ రాడ్ ఉంది. బట్టలు ఆరేసే ఇనుప తీగ ఉంది. పురుగుల మందు పోసిపెట్టిన కూల్‌డ్రింక్ సీసా ఉంది. ఊరి చివర నీళ్లు నిండిన క్వారీ గుంత ఉంది. వీటి గురించి మనం చెప్పేది కూడా ఒకటే మాట.. 'జాగ్రత్త'. ఆరేళ్ల పిల్లకు ఆ మాట వినబడుతుంది కానీ ఏం చేయాలో అందులో లేదు. 'జాగ్రత్త' అనేది పెద్దల తృప్తి కోసం అనుకునే మాట. పిల్లలకు కావాల్సింది పని. ఆగడం, వెనక్కి రావడం, అరవడం, చెప్పడం. ఈ నాలుగూ ఒంటితో చేసే పనులే.

ఒకరిని కాపాడబోయి మరొకరు.. ఈ హెడ్‌లైన్ ఎన్నిసార్లు చూశాం?

వేసవి సెలవులు వస్తే చాలు.. తెలుగు రాష్ట్రాల్లో ఈ వార్త లేని వారం ఉండదు. ఈతకు వెళ్లి ముగ్గురు, నలుగురు పిల్లలు మృతి. లోపలికి వెళ్తే కథ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకరు కాలు జారారు. కాపాడదామని రెండోవాడు దూకాడు. వాడి కోసం మూడోవాడు. నీళ్లలో మునుగుతున్న మనిషి దొరికిన దాన్ని దొరికినట్టు పట్టేసుకుంటాడు. చిన్నపిల్లలకు ఆ పట్టు విడిపించుకోవడం సాధ్యం కాదు. స్నేహితుడి మీద ప్రేమే వాళ్ల ప్రాణం తీస్తోంది.

2021లో ప్రపంచవ్యాప్తంగా 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. బడి వయసు పిల్లలకు ఈతతో పాటు నీళ్ల దగ్గర ఎలా ఉండాలో, ప్రమాదం లేకుండా ఇతరులను ఎలా కాపాడాలో కూడా నేర్పాలని ఆ సంస్థ చెబుతోంది. ఆ చివరి మాట మనకు చాలా ముఖ్యం.

ఎందుకంటే 'చెరువుకు వెళ్లొద్దు' అని మాత్రమే నేర్పితే చాటుగా వెళ్తారు. వెళ్లాక ఏదైనా జరిగితే ఏం చేయాలో తెలీదు. దానితో పాటు నేర్పాల్సింది ఇంకొకటి ఉంది. 'నీ ఫ్రెండ్ మునిగిపోతుంటే నువ్వు దిగొద్దు. పెద్దగా అరువు. చున్నీ, లుంగీ, తాడు, పొడవాటి కర్ర.. ఏది ఉంటే అది ఒడ్డు మీద పడుకుని అందించు. మూత పెట్టిన ఖాళీ నీళ్ల క్యాన్ ఉంటే అతని దగ్గరకు విసురు.' ఇది నేర్పడానికి స్విమ్మింగ్ పూల్ అక్కర్లేదు. స్కూల్ గ్రౌండ్‌లో ముగ్గుపిండితో ఒక గీత గీసి, అదే చెరువు అనుకుని, రెండు చున్నీలు ముడేసి అరగంటలో ఆటలా ఆడించొచ్చు. దిగినవాడు అవుట్, అందించినవాడు విన్నర్.

పక్కనే ఉన్న బంగ్లాదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో తక్కువ లోతులో వేదిక కట్టి, స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి, పిల్లలకు ఈత నేర్పించే 'స్విమ్‌సేఫ్' కార్యక్రమం అక్కడ నడిచింది. ఈత నేర్చుకున్న పిల్లల్లో నీటి మరణాలు 90 శాతానికి పైగా తగ్గాయని దాని మీద జరిగిన అధ్యయనాలు చెప్పాయి. ఖరీదైన టెక్నాలజీ ఏమీ లేదు. వెదురు, చెరువు, ఓపిక ఉన్న మనిషి. అంతే.

పిల్లలు చెప్పారు.. పెద్దలు వినలేదు

పిల్లలకు ప్రమాదాన్ని గుర్తించడం నేర్పాం అనుకుందాం. వాళ్లు గుర్తించారు. వచ్చి చెప్పారు. తర్వాత ఏం జరుగుతుంది? అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

2019 నవంబర్.. కేరళలోని వయనాడ్ జిల్లా సుల్తాన్ బత్తేరి. ఓ ప్రభుత్వ స్కూల్లో ఐదో తరగతి చదువుతున్న బాలిక కాలు క్లాస్‌రూమ్‌లో ఉన్న కన్నంలోకి వెళ్లింది. పాము కాటేసింది. పాప చెప్పింది. తోటి పిల్లలూ చెప్పారు. అయినా ఆస్పత్రికి తీసుకెళ్లడంలో ఆలస్యం జరిగింది. ఆ పాప బతకలేదు. టీచర్ల నిర్లక్ష్యాన్ని కెమెరాల ముందు ధైర్యంగా చెప్పింది కూడా ఆ పాప క్లాస్‌మేట్సే. ఒక క్లాస్ నిండా ఉన్న పదేళ్ల పిల్లలకు అర్థమైన ప్రమాదం వయసులో పెద్దవాళ్లకు వెంటనే అర్థం కాలేదు.

ఇది ఎక్కడో జరిగిందిలే అనుకోవడానికి లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఎక్కువ మరణాలు ఉన్న రాష్ట్రాల జాబితాలో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. మన పల్లెల్లో ఎన్ని స్కూళ్ల వెనక పొదలు ఉన్నాయో, ఎన్ని మరుగుదొడ్లకు తలుపులు లేవో చెప్పక్కర్లేదు.

2013 జులై 16.. బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం. మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు ఆహారంలో కలిసిందని తేలింది. నూనె తేడాగా ఉందని వంటమనిషి, కూర రుచి తేడాగా ఉందని పిల్లలు చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2016లో ఆ స్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌ను కోర్టు దోషిగా తేల్చింది.

మన స్కూళ్లలో 'పెట్టింది తిను, మాట్లాడకు' అనేది క్రమశిక్షణ కింద లెక్క. కానీ వాసన తేడాగా ఉంది అని చెప్పే పిల్లవాడు మొండివాడు కాదు. ఆ స్కూల్లో ఉన్న మొదటి సేఫ్టీ అలారం వాడే. ఆ అలారం మోగినప్పుడు నోరు మూయిస్తే, రెండోసారి మోగదు.

భయపెడితే జాగ్రత్త పెరుగుతుందా?

ఇంట్లో మనం వాడే బెదిరింపులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 'అల్లరి చేస్తే పోలీసులకు పట్టిస్తా.' 'చెప్పిన మాట వినకపోతే డాక్టర్ దగ్గర సూది వేయిస్తా.' 'అటు వెళ్తే బూచాడు ఎత్తుకుపోతాడు.' సరదాకే అంటాం. పిల్లలు మాత్రం సరదాగా తీసుకోరు.

జాతరలో తప్పిపోయిన ఐదేళ్ల పిల్లాడికి ఎదురుగా పోలీస్ కనిపిస్తే దగ్గరకు వెళ్లాలా, పారిపోవాలా? పట్టించేస్తారని నమ్మినవాడు పారిపోతాడు. కుక్క కరిచిన పిల్ల ఇంటికి వచ్చి చెప్పాలా, లంగా కిందకు లాక్కుని దాచాలా? సూది అంటే భయపడిన పిల్ల దాచేస్తుంది. వీధిలోకి వెళ్లొద్దన్నా వెళ్లినందుకు దెబ్బలు పడతాయని తెలిస్తే ఇంకా గట్టిగా దాచేస్తుంది.

రేబిస్ విషయంలో ఆ దాపరికం ఖరీదు ప్రాణమే. లక్షణాలు బయటపడ్డాక మందు లేనట్టే. అనుమానాస్పద జంతువుల కాటుకు గురైనవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కరిచిన వెంటనే సబ్బు, నీళ్లతో 15 నిమిషాల పాటు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెడితే దాదాపు ప్రతి ప్రాణాన్నీ కాపాడుకోవచ్చు. పైగా ఇప్పుడు బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు లేవు, చేతికే వేస్తారు. ఈ సంగతి చాలామంది పెద్దలకే తెలీదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాక రాష్ట్రమంతా కదిలింది. కుక్కలను ఏం చేయాలన్న చర్చ నెలల తరబడి నడిచింది. కుక్క ఎదురైతే పిల్లలు ఏం చేయాలన్నది మాత్రం ఆ చర్చలో పెద్దగా వినపడలేదు. పరిగెత్తొద్దు. కళ్లలోకి చూడొద్దు. చేతులు దగ్గరపెట్టుకుని చెట్టులా కదలకుండా నిలబడు. కిందపడిపోతే తల, మెడ చేతులతో కప్పుకుని మూటలా ముడుచుకో. 'చెట్టు-మూట' అని పేరు పెడితే ఎల్‌కేజీ పిల్లలకు కూడా ఇది ఆటే. కుక్కల గుంపు మీద పడితే ఇది అన్నిసార్లూ సరిపోదు, నిజమే. కానీ ఒంటరి కుక్క ముందు పరిగెత్తి దాన్ని రెచ్చగొట్టడం కంటే నయం.

అపరిచితులతో జాగ్రత్త అంటే చాలా..?

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి స్కూళ్లలో ఇప్పుడు కొంచెం మాట్లాడుతున్నారు. సంతోషించాల్సిందే. చైల్డ్‌లైన్ తీసిన 'కోమల్' అనే చిన్న యానిమేషన్ సినిమా చాలా బడుల్లో చూపించారు. ఆ సినిమాలో కీలకం ఏంటంటే.. పాపను ఇబ్బంది పెట్టేది ముక్కూమొహం తెలియని మనిషి కాదు, ఇంటికి వచ్చిపోయే అంకుల్.

లెక్కలూ అదే చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం పోక్సో చట్టం కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లే. బంధువులు, పొరుగువాళ్లు, కుటుంబ స్నేహితులు. అలాంటప్పుడు 'కొత్తవాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దు' అనే ఒక్క పాఠంతో ఆపేస్తే, పిల్లల చూపును అసలు ప్రమాదం లేని వైపు తిప్పినట్టే. అంతేకాదు.. రోడ్డు మీద ప్రమాదంలో పడినప్పుడు సాయం చేసేది చాలాసార్లు కొత్తవాళ్లే.

కాబట్టి పిల్లలకు మనుషుల జాబితా కాదు, పనుల జాబితా నేర్పాలి. ఎవరైనా సరే.. ఒంటి మీద బట్టలు కప్పి ఉండే చోట ముట్టుకుంటే, చూపించమంటే, 'ఇది మన సీక్రెట్, అమ్మకి చెప్పొద్దు' అంటే అది తప్పు. 'వద్దు' అని అరిచి, అక్కడి నుంచి వెళ్లి, నమ్మిన పెద్దవాళ్లకు చెప్పాలి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పాలి. ఎవరూ వినకపోతే 1098 ఉంది. ఈ నంబర్ స్కూల్ గోడ మీద రాయడం వేరు, పిల్లల చేత ఒకసారి ఉత్తుత్తి ఫోన్‌లో పేరు, ఊరు, ఏం జరిగిందో చెప్పించడం వేరు.

ఇక్కడ పెద్దల వంతు ఒకటుంది. పండక్కి వచ్చిన చుట్టానికి ముద్దు పెట్టడానికి పిల్ల ఇష్టపడకపోతే, 'తప్పు, మామయ్య కదా, పెట్టు' అని బలవంతం చేస్తాం. 'వద్దు' అనడం స్కూల్లో నేర్పి, ఇంట్లో ఆ 'వద్దు'కి విలువ లేదని చూపిస్తున్నాం. పిల్లలు రెండో పాఠాన్నే గుర్తుపెట్టుకుంటారు.

అంతా పిల్లల మీద నెట్టేద్దామా..?

ఇన్ని చెప్పుకున్నాక ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పిల్లలకు నేర్పడం అంటే బాధ్యత పిల్లలకు అప్పజెప్పడం కాదు.

2014 జులై 24.. మెదక్ జిల్లా మాసాయిపేట. కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా చిన్నారులు చనిపోయారు. బస్సులో కూర్చున్న పిల్లలు ఏ పాఠం నేర్చుకుని ఉంటే బతికేవారు? ఏదీ లేదు. అక్కడ కావాల్సింది గేటు, గేటు దగ్గర మనిషి. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. పిల్లల ప్రాణాలు కాపాడేది అలాంటి పని.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఓ స్కూల్ వంటగదిలో పుట్టిన మంట పూరి పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు బలయ్యారు. ఆ ఘటన తర్వాత వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇస్తూ.. సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యా హక్కులో భాగమని చెప్పింది. మంటలు ఆర్పే పరికరాలు పెట్టాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ స్కూల్ సేఫ్టీ మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. కాగితం మీద లోటేమీ లేదు. మీ పిల్లల స్కూల్లో ఎర్ర సిలిండర్ కనిపిస్తే దగ్గరికి వెళ్లి గడువు తేదీ చూడండి. దాన్ని వాడటం వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో అడగండి. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

రోడ్డు విషయంలోనూ అంతే. ఎదురుగా వస్తున్న బండి వేగాన్ని, దూరాన్ని కలిపి అంచనా వేయడం చిన్నపిల్లలకు సరిగా రాదు. ఎంత నేర్పినా ఆ వయసుకు ఉండే హద్దు అది. స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే పరిశోధకురాలు 1960ల్లోనే ఈ విషయం చెప్పారు. చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు తగ్గట్టు మార్చలేం, ట్రాఫిక్‌నే పిల్లలకు తగ్గట్టు మార్చాలి అన్నది ఆమె వాదన. కాబట్టి ఒకటో తరగతి పిల్లకు నేర్పాల్సింది 'ఒంటరిగా ఎలా దాటాలి' అని కాదు. 'పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోకుండా దాటకూడదు, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి వెళ్లకూడదు' అని. స్కూల్ ముందు స్పీడ్ బ్రేకర్ వేయించడం, సాయంత్రం బెల్ టైమ్‌కి రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టడం.. ఇవి పెద్దల పనులు.

కరెంట్ విషయంలో కూడా ఈ పంపకం ఉండాలి. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు, ఎవరికైనా షాక్ కొడితే వాళ్లను పట్టుకోవద్దు, 'కరెంట్.. కరెంట్' అని అరుస్తూ పెద్దవాళ్లను పిలువు.. ఇది పిల్లల వంతు. దండెంగా కట్టిన ఇనుప తీగ తీసేసి ప్లాస్టిక్ తాడు కట్టడం, హీటర్ రాడ్ ఉన్న బాత్రూమ్ తలుపు గడియ వేయడం, పురుగుల మందును కూల్‌డ్రింక్ సీసాలో పోయకుండా ఉండటం పెద్దల వంతు. సీసా మీద బొమ్మ చూసి అది కూల్‌డ్రింక్ అనుకోవడం నాలుగేళ్ల పిల్లాడి తప్పు కాదు.

రెండు స్కూళ్లు.. రెండు ముగింపులు

నేర్పడం, వినడం.. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో, కలవకపోతే ఏమవుతుందో చెప్పడానికి జపాన్‌ను మించిన ఉదాహరణ లేదు.

2011 మార్చి 11న భారీ భూకంపం, ఆ వెంటనే సునామీ. కామైషి అనే తీర పట్టణంలో జూనియర్ హైస్కూల్ పిల్లలు టీచర్ల ఆదేశం కోసం ఎదురు చూడలేదు. ఎత్తు వైపు పరుగు తీశారు. వాళ్లను చూసి పక్కనే ఉన్న ఎలిమెంటరీ స్కూల్ పిల్లలూ కదిలారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లల చేతులు పట్టుకుని, మొదట ఆగిన చోటు కూడా సేఫ్ కాదనిపించి ఇంకా పైకి వెళ్లారు. వాళ్లు వదిలి వచ్చిన స్కూళ్లను నీళ్లు ముంచేశాయి. పిల్లలు బతికారు. ఇది అదృష్టం కాదు. తోషితాకా కతాదా అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఆ ఊరి పిల్లలకు మూడే విషయాలు నేర్పారు. ఇంతే వస్తుందిలే అని ముందే అనుకోవద్దు. ఆ క్షణంలో చేయగలిగినంతా చేయి. నువ్వే ముందు పరుగు తీయి. పాఠాలే కాదు, పరుగులూ ప్రాక్టీస్ చేయించారు.

అదే రోజు ఒకావా ఎలిమెంటరీ స్కూల్లో కథ వేరు. వెనకే కొండ ఉంది. భూకంపం వచ్చాక సునామీ చేరడానికి దాదాపు 50 నిమిషాల టైమ్ ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక పిల్లలను గ్రౌండ్‌లోనే నిలబెట్టారు. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు చనిపోయారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. సరైన ముందస్తు ప్లాన్ లేకపోవడం అధికారుల తప్పేనన్న తీర్పు 2019లో ఖాయమైంది.

ఒక దగ్గర పిల్లలు కదిలారు, పెద్దలు వాళ్లను కదలనిచ్చారు. మరో దగ్గర పెద్దలు ఆపారు, పిల్లలు ఆగారు. 'బుద్ధిగా నిలబడు' అనే మాటే అన్ని వేళలా మంచిది కాదు.

మరి మన స్కూళ్లలో టైమ్ ఎక్కడిది..?

సిలబస్సే పూర్తి కావట్లేదు, ఇంకో సబ్జెక్టా అని టీచర్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, పరీక్ష అసలే అక్కర్లేదు. మార్కులు పెడితే మళ్లీ బట్టీనే మొదలవుతుంది.

బిహార్ ప్రభుత్వ స్కూళ్లలో 'సురక్షిత్ శనివార్' అనే కార్యక్రమం ఉంది. శనివారం ఒక ప్రమాదాన్ని తీసుకుని దాని గురించి మాట్లాడి, ప్రాక్టీస్ చేయిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ శనివారం 'నో బ్యాగ్ డే' అనే ఆలోచన ఇప్పటికే ఉంది. పుస్తకాలు లేని ఆ రోజున అరగంట చాలు. జూన్‌లో రోడ్డు, స్కూల్ ఆటో. వానలు పడ్డాక పాములు, కరెంట్, వాగులు. వినాయక చవితికి ముందు మండపం వైర్లు, నిమజ్జనం నీళ్లు. దీపావళికి ముందు మంటలు. సంక్రాంతికి ముందు గాలిపటాలు, మేడ అంచులు. సెలవులు ఇచ్చే ముందు చెరువు, ఆపి ఉన్న కారు. మన క్యాలెండర్‌లోనే సిలబస్ రెడీగా ఉంది.

స్కూల్ దగ్గర ఆపిన టీచర్ గారి కారే చాలు. డ్రైవర్ సీట్లో టీచర్ పక్కనుండగా ఒక్కో పిల్లను కూర్చోబెట్టి, 'ఇప్పుడు నువ్వు లోపల ఇరుక్కున్నావ్, ఏం చేస్తావ్?' అని అడగండి. హారన్ మోగే దాకా నొక్కించండి. 30 మంది పిల్లలు, 30 హారన్లు. ఊళ్లోవాళ్లు గోలేంటని వచ్చి అడుగుతారు. వాళ్లకూ చెప్పండి.

పెద్దలుగా మనం నేర్చుకోవాల్సిన పాఠం మాత్రం ఇంకా చిన్నది. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి ఏదైనా చెప్పినప్పుడు 'అక్కడికెందుకు వెళ్లావ్?' అనేది మొదటి ప్రశ్న కాకూడదు. 'చెప్పి మంచి పని చేశావ్, పద చూద్దాం' అనాలి. ఎందుకు వెళ్లావన్నది సాయంత్రం మాట్లాడుకోవచ్చు. తిట్లు పడవని తెలిసిన పిల్లలే నిజం చెబుతారు. నిజం సమయానికి తెలిసిన ఇంట్లోనే పిల్లలను కాపాడుకునే అవకాశం ఉంటుంది.